ఒప్పందం కాగితం ఎవరి చేతిలో ఉంది? దేశం దాటిన మన నాట్యం కథ



పోయిన ఉగాది తర్వాతి ఆదివారం సంఘం హాలులో కుర్చీలు సర్దుతున్నాం. మా మధ్యే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో రెండు పేజీల కాగితం. అమెరికాలో ఒక నాట్య పాఠశాలవాళ్ళు పంపారట. ఏడాదిపాటు అక్కడికి వెళ్ళి పిల్లలకు నేర్పాలి, వాళ్ళ కార్యక్రమాల్లో ఆడాలి, నట్టువాంగం చెయ్యాలి. ఉండడానికి గది, భోజనం, చేతిఖర్చులకు కొంత ఇస్తామన్నారు. ఆ కొంత ఎంతో రాయలేదు. వీసా గురించి మాత్రం ఒకటే వాక్యం: ముందు టూరిస్టుగా వచ్చేస్తే తర్వాత చూసుకోవచ్చు.

"వెళ్ళొచ్చా మామయ్యా?" అని మాలో పెద్దాయన్ని అడిగింది.

వాళ్ళమ్మ అడిగింది ఇంకోటి. "డాన్సు నేర్పి బతకొచ్చా అన్నయ్యా? బ్యాంకు ఉద్యోగం వదిలేస్తానంటోంది."

ఆ రోజు మేము సూటిగా జవాబు చెప్పలేకపోయాం. ఇద్దరి ప్రశ్నలూ న్యాయమైనవే. మనలో చాలా ఇళ్ళలో ఆడపిల్లకు ఆరో ఏట గజ్జె కట్టిస్తాం, పద్నాలుగో ఏట అప్పు చేసి అరంగేట్రం చేయిస్తాం, పద్దెనిమిదో ఏట "ఇక చాలు, చదువుకో" అంటాం. అదే బతుకుతెరువు అని ఎవరైనా అంటే తెల్లబోతాం. తర్వాత నాలుగైదు వారాలు మాలో మేము పుస్తకాలు తిరగేసుకుని, తెలిసినవాళ్ళను అడిగి, ఈ కథంతా ఒకచోట పెట్టుకున్నాం. మన నాట్యం దేశం దాటి వెళ్ళి బతకడం నిన్నమొన్నటి సంగతి కాదు. ఆ మొదటి ప్రయాణంలోనూ ఒక ఒప్పందం కాగితం ఉంది. అక్కడినుంచే మొదలుపెడతాం.

1838. కడలూరు దగ్గర తిరువేందిపురం అనే ఊరు, దేవనాథస్వామి కోవెల. మనవాళ్ళు చాలామంది అక్కడ మొక్కు తీర్చుకునే ఉంటారు. పక్కనే పుదుచ్చేరి. అప్పుడది ఫ్రెంచివాళ్ళది, యానాం కూడా ఆ ప్రభుత్వం కిందిదే. తార్దివెల్ అనే ఫ్రెంచి వ్యాపారి ఆ కోవెల నాట్యకత్తెలతో ఒప్పందం చేసుకుని ఓడ ఎక్కించాడు. ఐదుగురు ఆడవాళ్ళు, ముగ్గురు వాద్యకారులు. అందులో పెద్దామె తిల్లమ్మాళ్. అందరికంటే చిన్నది ఆరేళ్ళ పిల్ల. పద్దెనిమిదేళ్ళ అమ్మని వాళ్ళలో ఎక్కువ పేరు తెచ్చుకుంది.

ఆ వేసవిలో వాళ్ళు బోర్డోలో దిగారు. ఆగస్టులో పారిస్‌లోని వెరైటే థియేటర్లో ఆడారు, తర్వాత లండన్‌లో అడెల్ఫీ థియేటర్లో ఆడారు. తియోఫిల్ గోతియే అనే పెద్ద రచయిత వాళ్ళ గురించి పత్రికలో పొగుడుతూ రాశాడు. జాన్ ఓగుస్త్ బార్ అనే శిల్పి అమ్మని బొమ్మను కంచులో పోశాడు. ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది.

ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. వీళ్ళు వెళ్ళేటప్పటికే పారిస్‌వాళ్ళ మనసులో ఒక "బయదేర్" ఉంది. పోర్చుగీసువాళ్ళు మన నాట్యకత్తెలకు పెట్టిన పేరు ఫ్రెంచిలోకి వెళ్ళి అలా మారింది. 1830లోనే ఆ పేరుతో ఒక ఒపేరా వచ్చింది, అందులో మరీ తాల్యోనీ అనే ప్రఖ్యాత బాలే నర్తకి భారతీయ నాట్యకత్తె వేషం వేసింది. అంటే అసలువాళ్ళు వెళ్ళేసరికే నకలు సిద్ధంగా ఉంది. జనం అసలును నకలుతో పోల్చి చూశారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరికి తాము అనుకున్నట్టు లేరని నిరాశ. 1877లో రష్యాలో పెతిపా తీసిన "లా బయదేర్" బాలేని ఈనాటికీ ప్రపంచమంతా ఆడుతున్నారు. దానికి టిక్కెట్టు కొన్నవాళ్ళలో తిరువేందిపురం పేరు విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఆ మొదటి ప్రయాణంలో ఎక్కడ ఆడాలో, ఎన్ని రోజులు ఆడాలో, ఎంత టిక్కెట్టు పెట్టాలో అన్నీ తీసుకెళ్ళినవాడి చేతిలో ఉన్నాయి. ఆట వాళ్ళది, లెక్క అతనిది. ఈ మాట మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

తర్వాత చాలాకాలం విదేశాల్లో భారతీయ నాట్యం అంటే విదేశీయులు ఊహించుకుని ఆడినదే. 1906లో న్యూయార్కులో రూత్ సెయింట్ డెనిస్ "రాధ" అనే నాట్యం ఆడింది. అప్పటికి ఆమె భారతదేశం చూడలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత తన బృందంతో మన దేశంలో పర్యటించింది. అప్పుడు మన చదువుకున్నవాళ్ళే ఎగబడి చూశారు. ఇంట్లో ఉన్నదాన్ని దొరసాని ఆడి చూపిస్తే తప్ప గౌరవం ఇవ్వలేని రోజులవి.

ఆ గాలికి ఎదురు నిలిచిన తొలి పెద్ద పేరు ఉదయశంకర్. లండన్‌లో బొమ్మలు వెయ్యడం నేర్చుకోవడానికి వెళ్ళినవాడు. 1923లో అన్నా పావ్లోవాతో కలిసి రాధాకృష్ణుల నాట్యం ఆడాడు. అప్పటికి ఏ ఒక్క సంప్రదాయంలోనూ గురుముఖతా నేర్చుకున్నవాడు కాదు, ఆ సంగతి ఆయన దాచుకోనూ లేదు. 1931లో పారిస్‌లో సొంత బృందంతో రంగం ఎక్కాడు. తమ్ముడు రవిశంకర్ అప్పుడు చిన్నపిల్లవాడు, అదే బృందంలో ఉన్నాడు. ఆ తర్వాత అమెరికా పర్యటనలు. ఒక భారతీయుడు తన సొంత బృందంతో, తన పేరు పైన రాయించుకుని ఊరూరా తిరిగి నాట్యంతో బతకగలడని ప్రపంచానికి తెలిసింది ఆయనవల్లే. చివరికి ఆయన తీసిన "కల్పన" సినిమా మన మద్రాసు జెమినీ స్టూడియోలోనే తయారైంది.

బెంగుళూరు మిత్రులకు ఇంకో పేరు చెప్పాలి. రామ్ గోపాల్. 1912లో మీ ఊళ్ళోనే పుట్టాడు. తండ్రి రాజపుత్రుడు, తల్లి బర్మా ఆమె. పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గర భరతనాట్యం నేర్చుకున్నాడు. 1939లో లండన్‌లో ఆడితే ఊరంతా ఆయన గురించే మాట్లాడుకుంది. తర్వాత ఆ దేశంలోనే స్థిరపడి, 2003లో అక్కడే కన్నుమూశాడు. ఇంత పేరున్న మనిషి కూడా లండన్‌లో నిలకడగా ఒక నాట్యపాఠశాల నడపలేకపోయాడు. ఆడడానికి వేదిక దొరికినంత సులువుగా నేర్పడానికి నీడ దొరకదు. బయటి దేశంలో ఆట ఒక రాత్రి సంగతి. నేర్పడం ఏళ్ళ సంగతి. దానికి అద్దె కట్టాలి, పిల్లలు రావాలి, వాళ్ళ తల్లిదండ్రులు నమ్మాలి.

ఇప్పుడు మన తెలుగు సంగతికి వద్దాం.

క్షేత్రయ్యది కృష్ణా జిల్లా మొవ్వ. కూచిపూడికి కూతవేటు దూరం. 17వ శతాబ్దంలో ఆయన పదాలు దక్షిణాదికి వచ్చి తంజావూరు నాయకుల కొలువులో వెలిగాయి. నాయకుల తర్వాత వచ్చిన మరాఠా రాజులు కూడా తెలుగును వదల్లేదు. శాహజీ మహారాజు స్వయంగా తెలుగులో "పల్లకి సేవా ప్రబంధం" రాశాడు. సోలాపూర్, ముంబయి మిత్రులు ఇది తలుచుకుని సంతోషపడవచ్చు: మరాఠీ రాజు, తమిళ నేల, తెలుగు పాట. ఆ కొలువులోనే 19వ శతాబ్దం మొదట్లో చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు అన్నదమ్ములు ఈనాటి భరతనాట్యం కచ్చేరీ వరసను తీర్చిదిద్దారు. చిన్నయ్య మైసూరు కొలువుకు వెళ్ళాడు, వడివేలు తిరువనంతపురానికి వెళ్ళాడు. పొట్టకూటికి ఊరు మారడం నాట్యాచార్యులకు అప్పుడే అలవాటు. వాళ్ళతో తెలుగు పాటా వెళ్ళింది.

ఆ పాట మద్రాసు చేరింది. జార్జిటౌన్‌లో వీణ ధనమ్మాళ్ ఇల్లు క్షేత్రయ్య పదాలకు పెట్టింది పేరు. ఆమె కూతురు జయమ్మాళ్. జయమ్మాళ్ కూతురు బాలసరస్వతి. 1918లో పుట్టింది. ఏడో ఏట కాంచీపురంలో అమ్మవారి సన్నిధిలో అరంగేట్రం. తల్లి పాడితే కూతురు ఆడేది. అభినయం చేస్తూ తానూ పాడేది.

ఆమెది దేవదాసీ వంశం. ఆమె ఎదిగే కాలానికి ఆ వంశాలవాళ్ళకు వేదిక కరువైంది. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ చట్టం తెచ్చింది. ఆడపిల్లలను కోవెలకు అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని తెచ్చిన చట్టం అది, ఆ కోరికలో న్యాయం ఉంది. కానీ కోవెల ఆవరణలో, దేవుడి ఊరేగింపులో ఆడది నాట్యం చెయ్యడమే నేరమని కూడా అదే చట్టం చెప్పింది. తరతరాల బతుకుతెరువు ఒక్క కలంపోటుతో పోయింది. అదే నాట్యం పెద్దింటి పిల్లల చేతికి వచ్చి సభల్లో గౌరవం పొందింది.

బాలసరస్వతి 1961లో టోక్యోలో ఆడింది. 1962లో అమెరికా వెళ్ళింది. మసాచుసెట్స్‌లోని జేకబ్స్ పిల్లో నాట్యోత్సవంలో, కనెక్టికట్‌లోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఆడింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఎన్నోసార్లు వెళ్ళి, అక్కడి విశ్వవిద్యాలయాల్లో నేర్పింది. ఆమె తమ్ముడు రంగనాథన్ 1963 నుంచి వెస్లియన్‌లో మృదంగం నేర్పాడు. ఇంకో తమ్ముడు విశ్వనాథన్ అక్కడే పీహెచ్‌డీ చేసి, 1975 నుంచి 2002లో చనిపోయేదాకా వేణువూ పాటా నేర్పాడు. ఒక దేవదాసీ ఇంటి పిల్లలు అమెరికాలో ఆచార్యులయ్యారు.

ఇక్కడ మేము చాలాసేపు ఆగిపోయాం. మొవ్వలో పుట్టిన తెలుగు పదం తంజావూరు వచ్చి, జార్జిటౌన్ వచ్చి, ఒక తమిళ కుటుంబం గొంతులో కనెక్టికట్ చేరింది. అక్కడి అమెరికన్ పిల్లలు తెలుగు మాటలు ఒక్కొక్కటీ అర్థం అడిగి నేర్చుకున్నారు. ఎందుకంటే మాట అర్థం కాకపోతే ఆ మాటకు ముఖంలో భావం పలకదు. 1994లో ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ కలిసి క్షేత్రయ్య పదాలను ఇంగ్లీషులో "వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్" అనే పుస్తకంగా తెస్తే, ప్రచురించింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళ ముద్రణాలయం.

సరిగ్గా అదే కాలంలో యానాం చుట్టుపక్కల గోదావరి ఊళ్ళలో కళావంతుల ఇళ్ళు ఉన్నాయి. మురమండ, బల్లిపాడు, ముమ్మిడివరం. అక్కడి ఆడవాళ్ళు కూడా అవే పదాలు, జావళులు పాడి అభినయించేవాళ్ళు. భాష వాళ్ళ తల్లిభాష. కానీ వాళ్ళను ఏ విశ్వవిద్యాలయమూ పిలవలేదు. గజ్జెలు అటక ఎక్కాయి. తల్లులు పిల్లలకు నేర్పలేదు. ఎక్కడినుంచి వచ్చామో చెప్పుకోవడానికే భయపడ్డారు. 1990లలో స్వప్నసుందరి గారు వాళ్ళలో కొందరు వృద్ధుల దగ్గర నేర్చుకుని "విలాసినీ నాట్యం" అనే పేరుతో బయటికి తెచ్చేసరికి మిగిలినది కొంతే. పాట ఒకటే, చట్టం ఒకటే, వంశాలు ఒకలాంటివే. ఒక ఇంటికి దారి దొరికింది, మిగతావాళ్ళకు దొరకలేదు. విదేశంలో నాట్యం వృత్తిగా నిలబడింది అని గర్వపడేటప్పుడు ఈ లెక్క కూడా మన పుస్తకంలో ఉండాలి.

కూచిపూడి కథ ఇంకోలా నడిచింది. అది మగవాళ్ళ ఆట. భాగవతులు ఆడవేషం వేసేవాళ్ళు. ఇరవయ్యో శతాబ్దంలో అది ఆడవాళ్ళకు అందింది, ఒంటరి నాట్యంగా మారింది, దేశం దాటింది. ఆ దాటించినవాళ్ళలో ముందు చెప్పాల్సిన పేరు ఇంద్రాణీ రెహమాన్. 1930లో మద్రాసులో పుట్టింది. తల్లి రాగిణీదేవి అమెరికన్, ఆమే గొప్ప నర్తకి. ఇంద్రాణి కోరాడ నరసింహారావు గారి దగ్గర కూచిపూడి, దేబప్రసాద్ దాస్ గారి దగ్గర ఒడిస్సీ నేర్చుకుంది. ఇద్దరి విద్యనూ విదేశీ వేదికల మీద ఆడి చూపింది. 1976 నుంచి న్యూయార్కులోని జూలియార్డ్‌లో నేర్పింది. బరంపురం, జయపురం మిత్రులకు ఇంకో ముచ్చట. అదే దేబప్రసాద్ దాస్ గారి దగ్గర నేర్చుకున్న రామ్లీ ఇబ్రహీం మలేషియా ముస్లిం. కౌలాలంపూర్‌లో 1983లో సూత్ర అనే సంస్థ పెట్టి ఇప్పటికీ ఒడిస్సీ నేర్పుతున్నాడు. 2018లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. నాట్యం నేర్పడానికి కులం మతం అడ్డం రావని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మా ఊరికి దగ్గరైన పేరు వెంపటి చినసత్యం గారు. కూచిపూడినుంచి మద్రాసుకు బతకడానికి వచ్చారు. మొదట సినిమాల్లో నాట్యం. 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి పదేళ్ళయినా ఆయన మద్రాసులోనే ఉన్నారు, 2012లో ఇక్కడే కన్నుమూశారు. అమెరికాలో ఈ రోజు కూచిపూడి నేర్పుతున్న ఎంతోమంది ఆయన శిష్యులో, శిష్యుల శిష్యులో. తెలుగు నాట్యానికి ప్రపంచపు దారి తెరిచిన ఇళ్ళలో పెద్దది రాష్ట్రం బయట, మనలాంటి ప్రవాసుల మధ్య నిలబడింది. మనం దీన్ని మరిచిపోకూడదు.

ఇంతకీ అక్కడ బతుకుతెరువు ఎలా ఏర్పడింది?

1965లో అమెరికా వలస చట్టం మారింది. డాక్టర్లు, ఇంజనీర్లు వెళ్ళారు. పది పన్నెండేళ్ళలో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి కోవెల వెలిసింది, 1978లో క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన మొదలైంది. పిల్లలు పెరిగారు. "మన పిల్లలకు మనదంటూ ఏదో ఒకటి రావాలి" అనే బెంగ ప్రతి తల్లిదండ్రులకీ ఉంది. ఇంటి కింది గదిలో, కోవెల మండపంలో, బడి హాలులో నాట్యం తరగతులు మొదలయ్యాయి. నేర్పింది ఎక్కువగా భర్త ఉద్యోగంమీద వెళ్ళిన ఆడవాళ్ళు. ఇక్కడ చదువుకున్న కెమిస్ట్రీ అక్కడ పనికి రాలేదు, చిన్నప్పుడు సరదాకి నేర్చుకున్న నాట్యం పనికొచ్చింది.

మిగతా దేశాల్లో వేరే దారులు. ఇంగ్లండులో 1979లో తారా రాజ్‌కుమార్ గారు భారతీయ నాట్యానికి ఒక అకాడమీ పెట్టారు, తర్వాత ఆస్ట్రేలియా వెళ్ళి మెల్బోర్న్‌లో "నాట్యసుధ" పెట్టారు. సింగపూర్‌లో భాస్కర్ దంపతుల పాఠశాల 1952నాటిది. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ 1970నుంచి ఉంది. ఆ దీవికి మన తెలుగువాళ్ళు కూలీలుగా ఓడ ఎక్కింది యానాం పక్కనే ఉన్న కోరంగి రేవులో. అక్కడివాళ్ళు ఇప్పటికీ తెలుగు పాటలు పాడుకుంటారు, పాడే చాలామందికి మాట్లాడే తెలుగు రాదు.

ఇప్పటి ఆదాయం ఎలా వస్తుందంటే, నెలనెలా తరగతుల రుసుము, వేసవి శిబిరాలు, అరంగేట్రాలు. ఆట ఆడి బతికేవాళ్ళు వేళ్ళమీద లెక్కించేంతమంది, నేర్పి బతికేవాళ్ళే ఎక్కువ. అరంగేట్రానికి గాయకులు, మృదంగం, వయొలిన్, నట్టువాంగం మన చెన్నైనుంచే వెళ్తారు. మే నెలలో విమానం ఎక్కి, సెప్టెంబరులో దిగి, మార్గళి కచ్చేరీలకు సిద్ధమయ్యే వాద్యకారులు మైలాపూరులో వీధికి ఒకరు దొరుకుతారు. కరోనా తర్వాత తెర మీద పాఠాలు పెరిగాయి. ఇక్కడ తెల్లవారి ఆరు గంటలకు తాళం కర్ర పట్టుకుంటే అక్కడ తూర్పు అమెరికాలో రాత్రి ఎనిమిదిన్నర, వేసవిలో. వెళ్ళకుండానే విదేశంలో నేర్పే దారి ఇది.

ఇక కాగితం సంగతి. ఇందుకే ఇంత రాశాం.

టూరిస్టు వీసామీద వెళ్ళి జీతానికి నేర్పడం అమెరికాలో చట్టవిరుద్ధం. పట్టుబడితే పిలిచినవాళ్ళకంటే వెళ్ళినవాళ్ళకే నష్టం ఎక్కువ, మళ్ళీ వీసా దొరకడమే కష్టమవుతుంది. మన కళాకారులకోసం సరైన దారి ఉంది. 1990 చట్టంతో వచ్చిన పీ-3 వీసా, ఒక సంస్కృతికి ప్రత్యేకమైన కళను ఆడడానికీ నేర్పడానికీ వెళ్ళేవాళ్ళకోసమే పెట్టినది. దానికి అక్కడి సంస్థ ముందుగా ఐ-129 దరఖాస్తు పెట్టాలి. ఒప్పందం నకలు, ఎక్కడెక్కడ ఎప్పుడు కార్యక్రమాలో ఆ పట్టిక, ఆ కళ గురించి తెలిసినవాళ్ళ లేఖలు, అక్కడి కార్మిక సంఘం అభిప్రాయం జతచెయ్యాలి. ఒకసారికి ఏడాది దాకా ఇస్తారు. బాగా పేరున్నవాళ్ళకు ఓ-1 ఉంది. మన ప్రభుత్వంవైపు చూస్తే, 1950లో మొదలైన ఐసీసీఆర్ విదేశాల్లోని తన సాంస్కృతిక కేంద్రాలకు నాట్యం నేర్పేవాళ్ళను ఇక్కడినుంచే పంపుతుంది.

భర్త హెచ్-1బీ మీద ఉంటే వెంట వెళ్ళే హెచ్-4 భార్య సంగతి కూడా చెప్పాలి. 2015 దాకా ఆమెకు పని చేసే అనుమతే లేదు. ఆ ఏడాదినుంచి, భర్త గ్రీన్ కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే అనుమతి పత్రం అడగవచ్చు. అది చేతికి రాకముందు ఇంట్లో నలుగురు పిల్లలకు రుసుము తీసుకుని నేర్పినా తప్పే. మన ఆడపడుచులు ఎంతమందో ఇది తెలియక ఇబ్బందిలో పడతారు.

అందుకే ఆ అమ్మాయికి మేము చెప్పిన జవాబు: "వెళ్ళమ్మా, కానీ ఈ కాగితంమీద కాదు." కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు రాయించాం. వీసా దరఖాస్తు ఎవరు పెడతారు, ఏ రకం? నెలకు ఎంత, ఏ తేదీన, రాతలో ఇస్తారా? వారానికి ఎన్ని తరగతులు, ఒంట్లో బాగాలేకపోతే వైద్యం ఖర్చు ఎవరిది? తను కూర్చిన నాట్యానికి తన పేరు వేస్తారా, లేక పాఠశాల పేరు వేసుకుంటారా?

ఆ నాలుగో ప్రశ్న చూసి వాళ్ళమ్మ నవ్వింది. "పేరుదేముంది అన్నయ్యా." పేరే అంతా, అన్నాం. 1838లో వెళ్ళినవాళ్ళ పేర్లు మనకు దక్కింది ఫ్రెంచివాళ్ళ నాలుకమీద వంకర తిరిగిన పేర్లుగానే. ఆ రోజుల్లో కాగితం తీసుకెళ్ళినవాడి చేతిలో ఉంది. ఈ రోజు నీ కూతురు చేతిలో ఉండాలి.

జాబు వచ్చింది. మొదటి రెండు ప్రశ్నలకు "మాట్లాడుకుందాం" అని ఉంది, మిగతా రెంటికీ ఏమీ లేదు. అమ్మాయి వెళ్ళలేదు. రెండు రోజులు ఏడ్చిందని వాళ్ళమ్మ చెప్పింది. మాకూ బాధగానే ఉంది. మేము ఆపేశామేమో అన్న అనుమానం ఇప్పటికీ పోలేదు. ఇప్పుడామె సరైన దరఖాస్తు పెట్టగలిగే ఇంకో చోటుకోసం చూస్తోంది. ఈలోగా తెల్లవారుజామున తెరమీద పాఠాలు చెబుతోంది.

ఆ పాఠాల్లోనే మాకు ఒక కొత్త సంగతి తెలిసింది. అక్కడి పిల్లలు, తల్లులు ఆమెను ఎక్కువగా అడిగేది అడవులు, జతులు కాదట. పదం అర్థం. "ఈ మాటకు అర్థమేంటక్కా? నాయిక కోపంగా ఉందా, కోపం నటిస్తోందా?" భరతనాట్యం వర్ణాల్లో, పదాల్లో, జావళుల్లో తెలుగు నిండా ఉంది. నేర్పేవాళ్ళలో తెలుగు తెలిసినవాళ్ళు తక్కువ. ఆమెకు తెలుగు మాట్లాడడం వచ్చు. పదం చదవడం రాదు! మా ఊళ్ళో చాలామంది పిల్లల పరిస్థితి ఇదే. మన తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2006లో తమిళం తప్పనిసరి చట్టం వచ్చాక, బడిలో తెలుగును భాషగా చదివేవాళ్ళు ఇంకా తగ్గారు. తమిళం నేర్చుకోవడం మనకు బరువు కాదు, అది మనం తాగే నీటి భాష. కానీ ఇంట్లో ఉన్న తెలుగు మాట అక్షరం కాకుండా పోతోంది. కనెక్టికట్‌లో అమెరికన్ పిల్లలు అర్థం అడిగి నేర్చుకున్న పదాన్ని, జార్జిటౌన్ పక్క వీధిలో పుట్టిన మన పిల్ల చదవలేకపోతోంది.

అందుకని సంఘం హాలులో శనివారం సాయంత్రాలు ఒక తరగతి మొదలుపెట్టాం. మొదట గంట తెలుగు అక్షరాలు, తర్వాత గంట ఒక పదం. మాలో తెలుగు పండితులుగా చేసి రిటైరైన ఒకరు అర్థం చెబుతారు, ఈ అమ్మాయి అభినయం చేసి చూపిస్తుంది. మొదటివారం ఆరుగురు వచ్చారు. పోయిన వారం పదకొండుమంది, అందులో ముగ్గురు తమిళ పిల్లలు. వాళ్ళే మనవాళ్ళకంటే తొందరగా చదువుతున్నారు.

వాళ్ళమ్మ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలం. డాన్సు నేర్పి బతకొచ్చు చెల్లెమ్మా. నూట ఎనభై ఏళ్ళ పైచిలుకుగా మనవాళ్ళు దేశం దాటి బతుకుతూనే ఉన్నారు. కొందరు రాణించారు, కొందరు మోసపోయారు, చాలామందికి ఆ దారి తలుపే తెరుచుకోలేదు. మీ అమ్మాయి చేతిలో విద్య ఉంది. నోట్లో తెలుగు ఉంది. కాగితం సంగతి మేము చూసుకుంటాం.

బెంగుళూరు, బరంపురం, సోలాపూర్, యానాం మిత్రులారా, మీ సంఘాల్లోనూ ఇలాంటి పిల్లలు ఉండే ఉంటారు. ఎవరికైనా ఇలాంటి కాగితం వస్తే, సంతకానికి ముందు ఒకసారి మనలో నలుగురికి చూపించమనండి. శనివారం తరగతికి మా వరండాలో చాప పరిచే ఉంటుంది. ఈ వైపు వచ్చినప్పుడు మీరూ కూర్చోండి.